పెట్టుకున్న అర్జీ, వేసిన దావా

బడిలో పర్యాయపదాలు వల్లె వేసేటప్పుడు అర్జీకి మనం చాలా మాటలు నేర్చుకున్నాం. దరఖాస్తు, విన్నపం, వినతి, మనవి, విజ్ఞప్తి, అభ్యర్థన, నివేదన, మహజరు, పిటిషను. ఇవన్నీ ఒకటేనని, ఒకదాని చోట ఇంకొకటి పెట్టినా అర్థం చెడదని మాస్టారు చెప్పారు. పరీక్షలో మార్కులూ వచ్చాయి. రచయితలమయ్యాక కూడా ఆ పాఠాన్ని మనం మరిచిపోలేదు. చిక్కల్లా అక్కడే వచ్చింది.

ఈమధ్య అచ్చవుతున్న అభ్యుదయ కథలు తీసుకోండి. వ్యవసాయ కూలీ ఒకడు మండలాఫీసుకు వెళతాడు. ఒక కథలో అతను 'వినతిపత్రం సమర్పిస్తాడు'. ఇంకో కథలో 'అభ్యర్థన అందజేస్తాడు'. మరో కథలో 'నివేదించుకుంటాడు'. ఆ మాట అక్కడ ఎందుకు పడిందని అడిగితే, పై వాక్యంలో అర్జీ వచ్చింది కనుక పునరుక్తి లేకుండా మార్చానని రచయిత జవాబిస్తాడు. శైలి కోసం చేసిన ఈ చిన్న సర్దుబాటులో ఆ కూలీ బల్ల ముందు నిలబడ్డ తీరే మారిపోతుంది. సాహిత్య విమర్శ పట్టించుకోవలసిన విషయం ఇది.

మాది నెమలి. ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా, గంపలగూడెం మండలం. ఒకప్పుడు కృష్ణా జిల్లా, తిరువూరు తాలూకా. తెలంగాణ సరిహద్దుకు చేరువ ఊరు. 1948 సెప్టెంబరు దాకా ఆ సరిహద్దు రెండు ప్రభుత్వాల మధ్య గీత. ఇటు మద్రాసు ప్రెసిడెన్సీ, అటు నిజాం సంస్థానం. ఇటు కరణం, మునసబు. అటు పట్వారీ, పటేలు. బంధుత్వాలు గీతకు రెండువైపులా ఉండేవి. కరువొస్తే రెండువైపులా వచ్చేది. శిస్తు రెండువైపులా వసూలయ్యేది. కాగితం పేరు మాత్రం గీత దాటగానే మారిపోయేది.

మద్రాసువైపు రెవెన్యూ పరిభాషలో దరఖాస్తు అంటే ప్రత్యేకించి సర్కారు బంజరు సాగుకు ఇమ్మని అడిగే కాగితం. తక్కినవన్నీ అర్జీలు. నిజాంవైపు దరఖాస్తు ఏ కోరికకైనా సరిపోయే మాట. అయితే అసలు తేడా పదంలో లేదు, అది రాసే భాషలో ఉంది. అక్కడ రాజభాష ఉర్దూ. తెలుగు రైతు తన కష్టాన్ని తెలుగులో చెబితే, రాసేవాడు దాన్ని ఉర్దూలోకి మార్చి రాసేవాడు. తానేం అడిగాడో తానే చదువుకోలేని కాగితం మీద రైతు వేలిముద్ర వేసేవాడు. ఇటువైపు తాలూకా దాకా తెలుగు నడిచేది, ఆపైన ఇంగ్లీషు. అంటే ఇక్కడి రైతుకు తన అర్జీ మొదటి మెట్టు వరకే అర్థమయ్యేది. 1921లో హైదరాబాదు నగరంలో జరిగిన ఒక సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే అల్లరి చేసి అవమానించారు. ఆంధ్ర జనసంఘం పుట్టుకకు ఆ అవమానమే కారణమైందని మనకు తెలుసు. పెద్దల సభలోనే తెలుగుకు ఆ గతి పడితే కచేరీ వాకిట్లో నిలబడ్డ పాలేరు తెలుగు సంగతి చెప్పనక్కరలేదు.

మరి జనం వీటిని ఏమన్నారు? మా ఊళ్లో ఏ ముసలివాళ్లను అడిగినా ఒకటే మాట: కాయితం. 'పట్టా కోసం కాయితం పెట్టా', 'పింఛనీకి కాయితం ఇచ్చొచ్చా'. గీతకు అటుపక్క కాయిదం. అర్జీ, దరఖాస్తు, మహజరు, పిటిషను తేడాలు తెలియక అన్నమాట కాదిది. పేరేదైనా అది పోయి చేరే బల్ల ఒకటేనని అనుభవంతో తేల్చుకున్నవాళ్ల మాట. నిఘంటువు పది మాటలు ఇచ్చిన చోట శ్రమజీవి ఒక్కదానితో సరిపెట్టాడంటే అతని భాష పేదదని కాదు. ఆ పది పేర్లూ కచేరీ తన సౌకర్యం కోసం పెట్టుకున్నవి.

నామవాచకం దగ్గర పొదుపు చేసిన జనం క్రియ దగ్గర మాత్రం ఒక్క తేడా కూడా పోనివ్వలేదు. నా వాదమంతా ఈ క్రియ మీదే ఆధారపడి ఉంది. గమనించండి. అర్జీ పెట్టుకున్నాడు. దరఖాస్తు చేసుకున్నాడు. విన్నవించుకున్నాడు. మనవి చేసుకున్నాడు. మొర పెట్టుకున్నాడు. ఇప్పుడు రెండో వరుస చూడండి. దావా వేశాడు. ఫిర్యాదు చేశాడు. నోటీసు ఇచ్చాడు. టెండరు వేశాడు. తీర్మానం చేశారు. ప్రతిపాదన పంపారు. మొదటి వరుసలో 'కొను' ఉంది. రెండో వరుసలో లేదు.

వ్యాకరణం చదివినవారు వెంటనే ఒక అభ్యంతరం చెబుతారు. 'కొను' ఆత్మార్థకం. తన కోసం చేసే పనికి అది చేరుతుంది. వండుకున్నాడు, కట్టుకున్నాడు అన్నట్టే పెట్టుకున్నాడు అని. మంచిదే. కానీ దావా ఎవరి కోసం వేస్తాడు? టెండరు ఎవరి లాభం కోసం వేస్తాడు? కాంట్రాక్టరు పరోపకారానికి టెండరు వేసినట్టు ఎక్కడా వినలేదు. అయినా అక్కడ 'కొను' రాదు. కనుక ఈ తేడాను స్వప్రయోజనం అనే సూత్రంతో వివరించలేం. నెమలి వేణుగోపాలస్వామి గుడికి వచ్చేవాళ్లు మొక్కుకుంటారు, వేడుకుంటారు. ఆ 'కొను' గుడి మెట్లు దిగి తిన్నగా తాలూకా కచేరీ మెట్లెక్కింది. ఎదుటివాడు ఇస్తే ఇచ్చాడు, ఇవ్వకపోతే అడగడానికి దిక్కులేదు అన్న చోట క్రియ చివర అది వచ్చి నిలబడుతుంది. ఇవ్వక తప్పని చోట, కనీసం జవాబు చెప్పక తప్పని చోట, అది తప్పుకుంటుంది. చదువుకున్న కుర్రాడు ఉద్యోగానికి 'దరఖాస్తు చేశాను' అనగలడు. ఇంటిస్థలం కోసం తిరిగే అతని తల్లి 'పెట్టుకున్నానయ్యా' అంటుంది. ఒకే ఇంట్లో రెండు క్రియలు.

మాటల పుట్టుపూర్వోత్తరాలు వెతికితే ఈ సంగతి మరింత తేటపడుతుంది. ఫిర్యాదు అనే పారశీక పదానికి మూలార్థం ఆక్రందన, రక్షించమని పెట్టే కేక. మన 'మొర' కూడా అదే. రెండు కేకల్లో ఒకదానికి చట్టం, పోలీసు స్టేషను, కోర్టు తోడయ్యాయి. అది 'ఫిర్యాదు చేశాడు' అని నిటారుగా నిలబడింది. రెండోదానికి ఏ తోడూ దొరకలేదు. అది 'మొర పెట్టుకున్నాడు'గా మిగిలిపోయింది. విన్నపం, విజ్ఞప్తి రెండూ తెలియజేయడం అనే ఒకే సంస్కృత ధాతువు నుంచి వచ్చినవి. జనం నోట అరిగి తద్భవమైన విన్నపం ఎప్పుడూ కింద నుంచి పైకే పోతుంది. తత్సమంగా ఉండిపోయిన విజ్ఞప్తి పైనుంచి కిందకూ రాగలదు. 'ప్రజలకు పోలీసువారి విజ్ఞప్తి' అని గోడమీద చూస్తాం. 'ప్రజలకు పోలీసువారి విన్నపం' అని ఎవరైనా చూశారా? ఇక వినతి అన్న మాటకు అర్థమే వంగడం. అర్జీ అంటే ఎదుట ఉంచడం మాత్రమే. అన్యభాషా పదాలు తొలగిస్తున్నామంటూ అర్జీ తీసేసి వినతిపత్రం పెట్టినవారు, ఎదుట ఉంచినవాణ్ణి వంగబెట్టి వెళ్లారు. 1966లో అధికార భాషా చట్టం వచ్చింది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్య అధ్యక్షులుగా అధికార భాషా సంఘం ఏర్పడింది. కచేరీలో తెలుగు ఉండాలన్న ఆ పట్టుదల గొప్పది, నేటికీ నెరవేరనిది. అయితే పదం తెలుగైనంత మాత్రాన సంబంధం ప్రజాస్వామికం కాదని కూడా మనం అనుభవంలో చూశాం.

పాత అర్జీ స్వరూపం చూస్తే ఒక సాహిత్య ప్రశ్న ఎదురవుతుంది. పైన 'మ.రా.రా.శ్రీ' అంటూ బిరుదులు, దివ్యసముఖాలు. కింద విధేయతలు, నమస్కారాలు. నడుమ రెండు పంక్తుల్లో అసలు కష్టం. చివర రాసినవాడి పేరు 'దస్తూరి' అని, అడిగినవాడి నిశాని వేలిముద్రగా. ఒకే కాగితం మీద ఇద్దరు మనుషులు. చెయ్యి ఒకరిది, బొటనవేలు ఒకరిది. ఈ రచనకు కర్త ఎవరు? సి.పి. బ్రౌను 1850 ప్రాంతాల్లో సొంత ఉత్తరాలు, వ్యవహారపు ఉత్తరాలు, పోలీసు, రెవెన్యూ కాగితాలు ఏర్చి తెలుగు నేర్చుకునే దొరల కోసం వాచకంగా అచ్చు వేయించాడు. 1854లో తెలుగులో వాడే అన్యదేశ్యాలకు మిశ్రభాషా నిఘంటువు తెచ్చాడు. ఒకప్పుడు మన జిల్లా కేంద్రమైన మచిలీపట్నంలో కూడా ఉద్యోగం చేసినవాడు కనుక అతనికి ఈ కాగితాల రుచి తెలుసు. తరవాత గిడుగు రామమూర్తి వ్యావహారిక వాదానికి బలంగా పాత వచనాన్ని 'గద్య చింతామణి'లో పోగుచేశారు. మన వచనం కావ్యాల్లోనే కాక కచేరీ కాగితాల్లో కూడా పెరిగిందని వీటివల్ల తెలుస్తుంది. కానీ ఆ వచనం మీద దస్తూరి ఎవరిదో మరిచిపోతే, జనం భాష అనుకుని లేఖరి భాషను నెత్తిన పెట్టుకుంటాం.

అర్జీ రూపం మన కవిత్వంలో ఎంత లోతుకు దిగిందో చూడటానికి దూరం పోనక్కరలేదు. ఖమ్మం జిల్లా నేలకొండపల్లి కంచెర్ల గోపన్నది. తానీషా కాలంలో పాల్వంచ పరగణాకు తహశీల్దారు. సర్కారు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించి గోలకొండ చెరసాల పాలయ్యాడని చెప్పుకుంటాం. జీవితమంతా ఇతరుల అర్జీలు పుచ్చుకున్న ఉద్యోగి, చివరికి తానే అర్జీదారుడయ్యాడు. అందుకే రామదాసు కీర్తనల్లో కచేరీ మర్మమంతా ఉంది. ముందు మొర. తరవాత నగానట్రాకు పెట్టిన ఖర్చుల లెక్క. ఆపైన కోపం, నింద. వెంటనే క్షమాపణ. చివరికి అమ్మవారి సిఫారసు. పెద్దాయన వినకపోతే ఇంట్లోవాళ్ల ద్వారా చెప్పించాలన్నది తహశీల్దారుకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? కృష్ణ ఒడ్డున శ్రీకాకుళంలోని ఆంధ్రవిష్ణువును కాసుల పురుషోత్తమకవి 'ఆంధ్రనాయక శతకం'లో నిందాస్తుతి చేశాడు. అక్కడా నింద ఉంది కానీ పద్యం ముగిసేసరికి అది స్తుతిగా తిరగాలి. భూస్వామ్య సమాజంలో కోపానికి ఇచ్చిన పరిమితి అది. తిట్టవచ్చు, కానీ తిరిగివచ్చి దండం పెట్టాలి.

ఆ పరిమితిని దాటిన కాగితాలు కూడా మన చరిత్రలో ఉన్నాయి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడి చేసింది. తీసుకుపోయిన ఆయుధాల వివరం స్టేషను రికార్డులోనే రాసి రాజు సంతకం పెట్టి వెళ్లాడు. ముందుగా కబురు చేసి వచ్చే అతని తీరును జనం 'మిరపకాయ టపా' అని చెప్పుకున్నారు. కాగితం సర్కారుదే, రిజిస్టరూ సర్కారుదే. క్రియ మాత్రం సర్కారుది కాదు. ఇక నిజాంవైపు ఆంధ్రమహాసభ 1930లో జోగిపేటలో మొదలైంది. తొలి ఏళ్లలో దాని ఆయుధాలు తీర్మానం, విజ్ఞాపన. ఆ దశను ఎగతాళి చేయడం తేలిక. కానీ భయంతో నోరు విప్పని చోట నలుగురు కూర్చుని తీర్మానం చేయడం చిన్న పని కాదు. 'పెట్టుకున్నాడు' అనే ఏకవచనం 'చేశారు' అనే బహువచనంగా మారింది అక్కడే. 1944లో భువనగిరి సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షులయ్యారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. వెట్టి రద్దు చేయమని అడిగిన జనం, వెట్టి చెయ్యం అన్నారు. అడగడం నుంచి చెప్పడం దాకా నడిచిన ఆ దూరమే తెలంగాణ పోరాట చరిత్ర.

మన సాహిత్యం ఈ దూరాన్ని ఎంతవరకు పట్టుకుంది? గురజాడ 'కన్యాశుల్కం'లో కోర్టు మాటలు ఎవరి నోట ఎలా పలుకుతాయో చెవిపెట్టి విని రాశారు. రామప్పంతులు బతుకే వ్యాజ్యాల మీద. వకీలు సౌజన్యారావు నోట వచ్చే మాట వేరు. వృత్తికి న్యాయవాది అయిన రావిశాస్త్రి 'ఆరు సారా కథలు'లో ఈ పని ఇంకా ముందుకు తీసుకుపోయారు. 'మాయ' కథలో ముత్తేలమ్మ కోర్టు గురించి లాయరుకే పాఠం చెబుతుంది. ఆమె మాటల్లో పిటిషను భాష ఒక్క చుక్క లేదు. బతిమాలడం లేదు. జరుగుతున్నది ఏమిటో చెప్పడం ఉంది. కాళోజీ కూడా వకీలు చదువు చదివినవారే. విన్నపాల రూపాలన్నీ తెలిసినవారు తమ కవితలకు 'నా గొడవ' అని పేరు పెట్టుకున్నారు. గొడవకు పైఅధికారి ఉండడు. దాన్ని ఎవరూ సమర్పించరు, ఎవరూ పరిశీలించి తగు చర్య తీసుకోరు. ఆ పేరే ఒక సాహిత్య ప్రకటన.

ఈ ముగ్గురికీ సాధ్యమైనది మనకు ఎందుకు సాధ్యం కావడం లేదు? నేను అనుకునే కారణం చెబుతాను. కటువుగా ఉంటే మిత్రులు మన్నించాలి. మన అభ్యుదయ కథల్లో చాలావాటి నిర్మాణమే అర్జీ నిర్మాణం. పేదవాడి కష్టాన్ని మూడు పేజీలు వర్ణించి, చివర కన్నీటి బొట్టు కింద అతని వేలిముద్ర వేయించి, మధ్యతరగతి పాఠకుడి దయాదృష్టికి పంపుతున్నాం. పాత్ర నిశాని, రచయిత దస్తూరి. పాఠకుడే ఇక్కడ అధికారి. అతను చదివి 'అయ్యోపాపం' అని సంతకం చేస్తే ఫైలు మూసేస్తున్నాం. ఇటువంటి కథలో కూలీ చేత విప్లవ నినాదం పలికించినా ప్రయోజనం ఉండదు. కథ మొత్తానికి క్రియ 'పెట్టుకున్నాడు' గానే ఉంటుంది. పత్రికల్లో రోజూ చూసే 'డిమాండ్లతో కూడిన వినతిపత్రాన్ని సమర్పించారు' అన్న వాక్యం మన సంఘాలు తయారుచేసిన కరపత్రాల్లో కూడా కనిపిస్తోంది. అందులో డిమాండు తల ఎత్తుతుంది, వినతి నడుం వంచుతుంది, సమర్పించడం పళ్లెంలో పెట్టి అందిస్తుంది. ఇన్ని భంగిమలు ఒక్క మనిషి ఒక్కసారి పెట్టలేడు.

ఇక ప్రతిపాదన సంగతి. ఊరికి రోడ్డు కావాలని ఊరివాళ్లు అడిగితే అది వినతి. అదే రోడ్డు గురించి ఇంజనీరు పైకి రాస్తే ప్రతిపాదన. అదే రోడ్డును కాంట్రాక్టరు అడిగితే టెండరు. రోడ్డు ఒకటే, కంకర ఒకటే. అందులో అవసరం ఉన్నవాడి కాగితానికి దీనమైన పేరు, జీతం ఉన్నవాడి కాగితానికి గౌరవమైన పేరు, లాభం ఉన్నవాడి కాగితానికి చట్టబద్ధమైన పేరు. గ్రామసభ తీర్మానం కూడా పైమెట్టు ఎక్కేసరికి 'ప్రజల వినతి మేరకు' అన్న మాటగా కరిగిపోతుంది. జనం కూడా ప్రతిపాదించగలరని, వాళ్ల దగ్గర ఆకలితో పాటు ఆలోచన కూడా ఉందని ఒప్పుకోని వ్యవస్థ తన పదకోశంలోనే దొరికిపోయింది.

ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఈ పదకోశానికి కొత్త రంగు పడుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో అర్జీలు తీసుకునే కార్యక్రమం ఒకప్పుడు 'మీ కోసం'. 2019లో 'స్పందన' అయింది. 2023లో 'జగనన్నకు చెబుదాం' వచ్చింది. 2024 తరవాత 'ప్రజా సమస్యల పరిష్కార వేదిక'. సరిహద్దు దాటితే 'ప్రజావాణి'. పార్టీలను పక్కన పెట్టి పేర్లను మాత్రమే చూడండి. అర్జీ అన్నది అడిగేవాడి పనికి పేరు. స్పందన ఇచ్చేవాడి మనసుకు పేరు. అన్నకు చెప్పడం అంటే హక్కు కాస్తా కుటుంబ వాత్సల్యం అయిపోయింది. వేదిక ఎవరిదో, వాణి ఎవరు వింటారో పేరులో లేదు. అయినా ఆ సోమవారం వరసలో నిలబడ్డ మనిషి చేతిలో ఉన్నది కాయితమే, అతను దాన్ని పెట్టుకుంటూనే ఉన్నాడు.

అయితే ఒక్క చోట భాష మారింది. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. ముప్పై రోజుల్లో జవాబివ్వాలని అధికారికి గడువు పెట్టింది. ఆ చట్టం పుస్తకాల్లో ఆ కాగితం పేరు దరఖాస్తే. కానీ జనం 'ఆర్టీఐ పెట్టుకున్నాను' అనలేదు. 'ఆర్టీఐ వేశాను' అన్నారు. దావా వేసినట్టు. ఏ భాషా సంఘమూ నేర్పలేదు, ఏ రచయితా సూచించలేదు. గడువు దాటితే అడిగే హక్కు చేతికి రాగానే 'కొను' దానంతట అదే రాలిపోయింది. అదే ఏడు వచ్చిన ఉపాధి హామీ చట్టం, పని అడిగిన కాగితానికి తేదీ వేసిన రశీదు ఇవ్వాలని, పదిహేను రోజుల్లో పని చూపలేకపోతే భృతి చెల్లించాలని చెప్పింది. అడగడానికి ఆ చట్టం వాడిన మాట 'డిమాండు'. అయినా ఆ రశీదు దొరకని ఊళ్లలో జనం మళ్లీ పాత క్రియకే వెళ్లారు. చట్టం అచ్చులో ఉండటానికి, చేతిలో ఉండటానికి మధ్య ఉన్న తేడా వాళ్ల నోటిమాటలో నమోదైంది.

భాషే వాస్తవాన్ని మారుస్తుందని నేను అనడం లేదు. సంబంధాలు మారితే క్రియ మారుతుంది. కానీ ఆ మార్పును ముందుగా వినవలసింది రచయిత చెవి. మన కథలో ఎవరైనా కాగితం పట్టుకుని ఆఫీసు మెట్లెక్కేటప్పుడు, పునరుక్తి భయంతో దాని పేరు మార్చకండి. అతను దాన్ని ఏమంటాడో అదే రాయండి. ఎవరి దస్తూరితో రాయించాడో చూడండి. రాసినందుకు ఎంత తీసుకున్నారో అడగండి. తిరిగి వచ్చి ఇంట్లో ఏ క్రియతో చెప్పాడో వినండి. అది 'పెట్టుకున్నా' అయితే అలాగే ఉంచండి. మన చైతన్యం కోసం దాన్ని 'వేశా' అని దిద్దితే అబద్ధం అవుతుంది. 'వేశా' అని అతనే అన్న రోజున మాత్రం దాన్ని 'సమర్పించాడు' అని రాసి మళ్లీ వంగబెట్టకండి.